మా బర్రెల కొట్టంలో ఈములు

మా బాపు రెండు ఈము పక్షులను ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని నాచారం తెచ్చిన రోజు మా అమ్మ గేటు తీయలేదు. మనిషి ఎత్తు పక్షులు. రెక్కలు ఉన్నాయంటే ఉన్నాయి, ఎగరడం మాత్రం పుట్టి ఎరగవు. దారిలో బెదరకుండా తలలకు గోనెసంచులు తొడిగి కూర్చోబెట్టాడు. “కోళ్లు తెస్తనని పోయి గివేంది, ఒంటెలు తెచ్చినవా?” అని అమ్మ లోపలి నుంచే అరిచింది. వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది.

అప్పటికే ఈముల వ్యాపారం కుప్పకూలింది. మాంసం కొనేవాళ్లు లేరు, వాటి కొవ్వుతో తీసే నూనె కొనేవాళ్లు లేరు. అన్నోజిగూడ దాటాక ఫారం పెట్టిన బాపు దోస్తు ఒకాయన వాటిని మేపలేక అడిగినవాళ్లకల్లా ఊరికే ఇచ్చేస్తుంటే, బాపు రెండు అడిగి తెచ్చుకున్నాడు. మాది నాచారం పాత ఊరు. పొలాలు ఎప్పుడో కాలనీలైపోయాయి. ఆఖరి బర్రెను కూడా అమ్మేశాక ఇంటి వెనక కొట్టం ఖాళీ అయింది, బాపు కూడా ఖాళీ అయిపోయాడు. పొద్దున్నే లేచి, ఏమీ లేని కొట్టాన్ని శుభ్రంగా ఊడ్చి, వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. అది చూస్తే నాకు ఏడుపొచ్చేది. ఈములు వచ్చాక మనిషి మారిపోయాడు. పాలకూర తరగడం, మక్కజొన్నలు నానబెట్టడం, వాటితో ముచ్చట్లు పెట్టడం. ఇంట్లో మాతో కూడా అంత మాట్లాడేవాడు కాదు.

రెండింటిలో ఒకటి పెద్దది. రొమ్ములోంచి డప్పు కొట్టినట్టు చప్పుడు చేస్తూ కొట్టమంతా తిరిగేది. రెండోది చిన్నది, నెమ్మదైనది. పెద్దది మగదనీ చిన్నది ఆడదనీ మేమే తేల్చేశాం. చలికాలంలో మూలనున్న గడ్డిలో గుడ్లు కనిపించాయి. ముదురాకు పచ్చ రంగు, ఒక్కోటి పెద్ద మామిడికాయంత. మొత్తం ఐదు. చిన్నది వాటి మీద కూర్చుంది, ఇక మేతకు లేవలేదు. అప్పుడప్పుడూ కాస్త లేచి ముక్కుతో గుడ్లను అటూ ఇటూ తిప్పి మళ్లీ కూర్చునేది, అంతే. పెద్దదేమో దర్జాగా మేస్తూ తిరిగేది. “పెండ్లాం ఉపాసముంటె వీనికి జరంత ఫికరన్న ఉందా? సూడు, ఎట్ల మింగుతుండో” అని అమ్మ దాన్ని రోజూ తిట్టేది.

బాపు దోస్తుకు ఫోన్ చేస్తే, “మేం గుడ్లు పెట్టంగనే తీసి పొదిగే మిషన్ల పెడ్తుంటిమి. పక్షిని ఎన్నడు కూసోనియ్యలె. నాకేం ఎర్క?” అన్నాడు.

ఇక్కడ నా తెలివి గురించి చెప్పాలి. నేను అప్పుడు ఉప్పల్‌లో ఒక ప్రైవేటు బడిలో ఏడో తరగతికి సైన్స్ చెప్పేదాన్ని. పైగా నాయనమ్మ దగ్గర కోళ్ల మధ్య పెరిగినదాన్ని. కోడి గుడ్డుకు ఇరవై ఒక్క రోజులు. ఇది పెద్ద పక్షి కదా అని ఇంకో పది కలిపాను. అదీ దాటింది. నలభై కూడా దాటాక గుడ్లు మురిగిపోయాయని తీర్పు చెప్పేశాను. మురిగిన గుడ్ల మీదినుంచి లేవని కోడిని నాయనమ్మ చన్నీళ్లలో ముంచి తీసేది. దానికీ లొంగకపోతే ముక్కులో ఈక గుచ్చేది. మూడు రోజుల్లో కోడి మామూలుగా మేతకు వచ్చేది.

యాభై రోజులయ్యేసరికి పక్షి సగమైపోయింది. నిమిరితే వీపు ఎముక చేతికి గుచ్చుకునేది. బాపు దాని పక్కనే పీట వేసుకుని కూర్చునేవాడు, తన కంచంలోనూ సగం వదిలేసేవాడు. “గిది పోతె నేనింక గీ కొట్టంల అడుగు పెట్ట” అన్నాడు ఒకరోజు. ఆ మాటకు నాకు భయమేసింది. పక్షి పోతే బాపు మళ్లీ ఆ అరుగు మీదికే వెళ్తాడు.

ఆ ఆదివారం అమ్మా బాపూ మల్కాజిగిరిలో ఒక నిశ్చితార్థానికి వెళ్లారు. నేను పక్షి తలకు గోనెసంచి తొడిగి, రెండు బకెట్ల చన్నీళ్లు దాని మీద గుమ్మరించాను. అది బుసకొడుతూ లేచింది, తూలింది, గోడకు ఆనుకుని వణుకుతూ నిలబడింది. నేను గబగబా ఐదు గుడ్లూ టబ్బులోకి ఎత్తాను.

చప్పుడుకు మేడ మీద అద్దెకుండే సారు మెట్లు దిగివచ్చాడు. కోస్తా వైపు మనిషి, ఏదో పరిశోధన సంస్థలో పనిచేసి రిటైరయ్యాడు. “అదేంటమ్మా, గుడ్లెందుకు తీశావు?” అన్నాడు.

“మురిగిపోయినయ్ సార్. వీటి మీద కూసోని అది సస్తుంది.”

“ఒక్క నిమిషం ఆగమ్మా, ఫోన్లో చూసి చెబుతాను.”

కోళ్ల సంగతి నాకు ఒకరు చెప్పడమా? నాకు ఒళ్లు మండింది. “మీకెర్కలేదు సార్, గిప్పుడే సూపిస్త” అని, కంపుకు ముందే చున్నీ ముక్కుకు కట్టుకుని, ఒక గుడ్డును బట్టలుతికే బండ మీద పెట్టి రాయితో కొట్టాను. గట్టి పెంకు. మూడో దెబ్బకు పగిలింది.

కంపు రాలేదు. నెత్తురు వచ్చింది. నా అరచేతిలోకి జారింది ఒక పిల్ల. ఒంటినిండా గోధుమ, తెలుపు చారలు. ముక్కు ఉంది, కళ్లున్నాయి, కాళ్లకు బుజ్జి గోళ్లున్నాయి. ముక్కు ఒక్కసారి తెరిచింది. ఒక కాలు చాపి నా వేళ్లను తన్నింది. అంతే, ఇక కదల్లేదు.

చెయ్యి అలాగే చాపి నిలబడిపోయాను. సారు ఫోన్లోంచి తలెత్తకుండా చదువుతున్నాడు. “యాభై ఆరు రోజుల దాకా పడుతుందటమ్మా. పొదిగేది తల్లి కాదట, మగపక్షేనట. అన్ని రోజులూ తిండీ నీళ్లూ లేకుండానే...” అంటూ తలెత్తి నా చేతిలోకి చూశాడు. మిగతాది చదవలేదు. సరిగ్గా అప్పుడే టబ్బులోంచి సన్నగా ఈల వినిపించింది. గుడ్డు లోపలినుంచి! దాని వెనకే ఇంకోటి.

నాలుగు గుడ్లనూ చున్నీతో తుడిచి, పొడిగడ్డి వేసి మళ్లీ అక్కడే పెట్టాం. సంచి తీశాక పక్షి చాలాసేపు దగ్గరికి రాలేదు. నేను దండం పెడుతూ కూర్చున్నాను, సిగ్గులేదు చెప్పడానికి. చివరికి వచ్చింది. ఒక్కో గుడ్డునూ ముక్కుతో లోపలికి లాక్కుని, ఆ తర్వాత కూడా గడ్డిలో వెతుకుతూనే ఉంది. నేను చూడలేక మొహం తిప్పుకున్నాను.

పిల్లను కరివేపాకు చెట్టు కింద పాతిపెట్టాను. సాయంత్రం బాపుతో, “ఒక గుడ్డు మురిగింది, తీసేసిన” అన్నాను. “మంచిదే” అన్నాడు. సారు ఏమీ చెప్పలేదు.

నాలుగో రోజుకు నాలుగు చారల పిల్లలు బయటికొచ్చాయి. బాపు వీధిలో అందరినీ పిలిచి చూపించాడు. అంతగా నవ్వడం నేను ఎన్నడూ చూడలేదు. జనం వెళ్లిపోయాక తండ్రిపక్షి లేచి బకెట్లో తల పెట్టి నీళ్లు తాగింది. బాపు దాన్నే చూస్తూ నిలబడ్డాడు, నేను పక్కన నిలబడ్డాను. నా వైపు తిరగకుండానే మెల్లగా అన్నాడు.

“మురిగిన గుడ్డును పారేస్తరు బిడ్డా. పాతిపెట్టరు.”

కరివేపాకు చెట్టు కింద తవ్విన మట్టిని చూసే ఉంటాడు. మొదటి రోజునుంచే తెలిసి, నాలుగు రోజులూ నాతో మామూలుగా మాట్లాడాడు, నేను వడ్డించింది తిన్నాడు. నేను ఏడుస్తుంటే చూసీ చూడనట్టు మేత గిన్నె నా చేతికిచ్చాడు.

“పో, నువ్వే పెట్టు. నీ చేతుల తింటదో లేదో సూద్దాం.”