రాళ్లు కుడిపక్క, కేబుల్ ఎడమపక్క

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, నన్ను ఆత్మకూరు టెలిఫోన్ సబ్‌డివిజన్‌కు ఇంజినీరుగా వేశారు. అక్కడి నుంచి ఉదయగిరి దాకా వెళ్లే ఫైబర్ కేబుల్ నా బాధ్యత. దాన్ని కాపాడమన్నారు. ఎక్కడుందో మాత్రం చెప్పలేదు.

విరమణ తర్వాత ఇప్పుడు ఏదైనా కాలేజీకి పిలిచి, కామర్స్ విద్యార్థులకు నెట్‌వర్క్ గురించి చెప్పమంటే నేను రింగ్‌తో మొదలుపెడతాను. ఒక ఊరికి రెండు దారుల్లో కేబుల్ వేసి వలయంలా కలపడమే రింగ్. ఒకవైపు తెగితే సమాచారం రెండోవైపు నుంచి చుట్టి వస్తుంది. వాడేవాళ్లకు తెలియను కూడా తెలియదు. చిక్కంతా అక్కడే. ఉదయగిరికి సీతారామపురం మీదుగా వచ్చే రెండో దారి నేను చేరేనాటికే తెగి ఉంది. నెట్ నడుస్తూనే ఉంది కనుక ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఫిర్యాదు లేదు కనుక మరమ్మతుకు మంజూరు రాలేదు. పై ఆఫీసు గోడమీది పటంలో వలయం మాత్రం ముచ్చటగా ఉండేది.

నేను చేరిన మరుసటి నెలలో ఒక మధ్యాహ్నం మొదటి దారీ తెగింది. ఉదయగిరిలో నెట్టు, సెల్ టవర్లు, బ్యాంకు పని అన్నీ ఆగిపోయాయి. కేబుల్లోకి వెలుగు పంపి, తెగిన చోటు ఎంత దూరమో చెప్పే ఓటీడీఆర్ అనే పరికరం మా దగ్గర ఉండేది. అది చూపిన చోటికి జీపులో వెళ్లాం. మంచినీళ్ల పైపు కోసం జేసీబీ తవ్వుతోంది. మా కేబుల్ దాని పళ్లకు వేలాడుతోంది.

జేసీబీ డ్రైవర్ ఏమాత్రం బెదరలేదు. "మీ రాళ్లు చూసే తవ్వినాను సార్. రాళ్లు కుడిపక్క ఉండాయి, నేను ఎడమపక్క తవ్వినాను. ఇందులో నా తప్పేంది?"

కేబుల్ ఎటు పోతోందో తెలిసేలా దాని పక్కనే గుర్తురాళ్లు నాటడం మా పద్ధతి. అవి రోడ్డుకు కుడిపక్క బుద్ధిగా వరసలో నిలబడి ఉన్నాయి. ఆ మనిషి వాటిని గౌరవించి, కేబుల్‌ను తెంపాడు.

లైన్‌మన్ సుబ్బరాయుడి వైపు చూశాను.

"ఎడమపక్కంతా రాతినేల సార్. కేబులుకి మిషను తవ్వింది గానీ, రాళ్లు నాటేదానికి గడ్డపార దిగదు. అందుకని మనోళ్లు రాళ్లు ఇటు నాటినారు. అందరికీ తెలిసిందే గదా!"

అందరూ అంటే ఎవరని అడిగాను. అతనూ, రిటైరైన ఇంకో ఇద్దరూనట.

అతుకు పని మొదలయ్యేసరికి ఉదయగిరి వైపు నుంచి మోటార్‌సైకిల్ మీద మాల్యాద్రి అనే గొర్రెల రైతు వచ్చాడు. వెనక కూతురు లక్ష్మి. బీకాం పూర్తి చేసిన పిల్ల. ఎంబీఏ సీటుకు కాలేజీలు ఎంచుకోవడానికి అదే ఆఖరి రోజు. సాయంత్రం ఐదుకు వెబ్‌సైట్ మూసేస్తారు. నెట్ సెంటర్‌లో పడిగాపులు కాసి, తెగింది ఈ రోడ్డులోనే అని విని వెతుక్కుంటూ వచ్చారు.

"ఎప్పటికవతాది సార్?"

ఒక్కో గాజుపోగును విడిగా కరిగించి అతకాలనీ, ఐదులోపు కాదనీ చెప్పాను.

"అయితే ఈడనే కూచుంటాం. కానీండి." ఆయన గుర్తురాయి మీద కూర్చున్నాడు. ఆ రాయి ఎవరికైనా పనికిరావడం నేను చూసింది అదొక్కసారే.

"ఇక్కడ కూర్చుంటే సీటు రాదయ్యా. ఆత్మకూరులో నెట్ నడుస్తోంది, అక్కడికి పొండి."

"అంటే మీ కేబులు కన్నా నా బండే నయమంటారు?"

"నాయనా, లే. సారే ఒప్పుకుంటాండాడు గదా" అంది లక్ష్మి.

మా అతుకు పూర్తయ్యేసరికి ఐదు దాటింది. సామాన్లు సర్దుతుండగా వాళ్లిద్దరూ తిరిగి వచ్చారు. గడువులోపే పని అయిందని లక్ష్మి వెనక నుంచి కేకేసింది. మాల్యాద్రి బండి ఆపకుండానే చెయ్యెత్తి, "మీదింకా కాలేదా సార్?" అని అరిచి వెళ్లిపోయాడు.

గుర్తురాళ్లను సరిచేయమని మర్నాడే రాతపూర్వకంగా ఆదేశమిచ్చాను. పదిరోజుల తర్వాత వెళ్లి చూస్తే వాటికి కొత్త రంగు వేసి ఉంది. రాళ్లు కుడిపక్కే ఉన్నాయి.

నేను నేర్చుకున్నది ఇది: పటంలో ఉన్న రెండో దారిని దారిగా లెక్కపెట్టకూడదు. అప్పుడప్పుడూ మొదటిదాన్ని మనమే ఆపి, రెండోది మోస్తుందో లేదో చూసుకోవాలి. ఆ రోజు ఉదయగిరికి ఉన్న రెండో దారి మాల్యాద్రి మోటార్‌సైకిల్.