పిస్టలు కొనాలంటే ఇంటి మనిషి కావాలి

నాకు తుపాకీ లైసెన్సు ఇచ్చే ముందు విచారణకి వచ్చిన కానిస్టేబులు మా భవానీపురం వీధిలో నాలుగిళ్ళు తిరిగాడు. నా గురించి అడిగితే పక్కింటివాళ్ళు ‘మంచాయనేనండి, ఎవరితోనూ మాట్లాడరు’ అన్నారట. ఆ ముక్కలే కాగితం మీద రాసుకుని, నేనిచ్చిన కాఫీ తాగి, నాకే చదివి వినిపించి మరీ వెళ్ళాడు. నాకు ఒళ్ళు మండింది. మాట్లాడకపోవడం ఏమైనా నేరమా? అప్పటికి పదకొండేళ్ళుగా ఆ ఇంట్లో ఉంటున్నాను. ఎవరి గుమ్మం ముందూ చెత్త పొయ్యలేదు, ఎవరి పంపు దగ్గరా తగువు పడలేదు. అయినా ఆ మాట మాత్రం ఆ పూటంతా నన్ను తొలుస్తూనే ఉంది.

ఇది తొంభైల చివరి సంగతి. అప్పుడు నేను రొయ్యల కమీషన్ వ్యాపారం చేసేవాణ్ణి. చల్లపల్లి దాటి సముద్రం వైపు వెళ్తే వరి పొలాలన్నీ చెరువులైపోయిన రోజులవి. రొయ్యలు పట్టిన రోజున గట్టు మీదే రైతు చేతిలో డబ్బు పెట్టాలి. లేకపోతే సరుకు ఇంకొకడి ఐసు పెట్టెల్లోకి వెళ్ళిపోతుంది. అందుకని డబ్బు సంచీ పెట్టుకుని జీపులో ఒక్కణ్ణే తిరిగేవాణ్ణి. నాలాంటి వ్యాపారినే ఒకతన్ని కాలవగట్టు మీద అడ్డగించి, కొట్టి, సంచీ లాక్కుపోయారు. అతను బతికాడు గానీ కుడిచెయ్యి మళ్ళీ భుజం పైకి లేవలేదు. నేను ఆసుపత్రికి వెళ్ళి అతన్ని చూసొచ్చి, ఆ వారమే దరఖాస్తు పెట్టాను. ఏడాది పైగా ఆఫీసుల చుట్టూ తిరిగాక లైసెన్సు చేతికొచ్చింది. దానికి ఒక గడువు ఉంటుంది. ఆలోగా ఆయుధం కొని చూపించాలి.

తుపాకుల కొట్టు వన్‌టౌన్‌లో ఒక ఇరుకు వీధిలో ఉండేది. యజమాని అరవై దాటిన సాయిబుగారు. తెల్ల జుబ్బా, ముక్కు మీదికి జారిపోయే కళ్ళజోడు, తొందరన్నది తెలియని మనిషి. ఏ ఊరు, ఏం వ్యాపారం, రొయ్యలకి తెగులు తగ్గిందా అని పావుగంట అడిగారు గానీ తుపాకీ ఊసెత్తలేదు. నాకు ఊసుపోక కబుర్లు పడవు. సరుకు చూపించండి, మళ్ళీ నేను బందరు వైపు వెళ్ళాలి అన్నాను. ఆయన ఏమీ అనుకోకుండా నా లైసెన్సు రెండు వైపులా చదివి, లోపలికి వెళ్ళి రెండు తెచ్చారు.

ఒకటి నల్లటి రివాల్వరు, కొత్తది. దాన్ని చూడగానే వద్దనేశాను. ఉప్పుగాలికి, ఐసు నీళ్ళకి నా జీపు తలుపులే రెండేళ్ళలో చిల్లులు పడ్డాయి. ఆ నల్ల పూత ఎన్నాళ్ళుంటుంది? రెండోది స్టీలు పిస్టలు, మన వంటింటి గ్లాసు రంగులో ఉంది. విదేశాల నుంచి తెచ్చుకోవడం అప్పటికే ఆపేశారు కాబట్టి, అలాంటిది కావాలంటే ఎవరో ఒకరు వాడినదే దొరకాలి. ఇది ఒక డాక్టరుగారిదట. ఆయన పోయాక ఇంట్లోవాళ్ళు అమ్మకానికి పెట్టారు.

సాయిబుగారు దాన్ని ఎంచుకునే పద్ధతి నేర్పారు. ముందు పిడిలోంచి మ్యాగజైను లాగేశారు. పిస్టలు పైభాగాన్ని వెనక్కి లాగి, గొట్టం ఖాళీ అని చూపించి, కిటికీ వెలుతురుకి పెట్టి లోపలికి చూడమన్నారు. లోపలి గీతలు తళతళలాడుతున్నాయి. చెవి దగ్గర పెట్టుకుని ఊపమన్నారు. ఏదీ గలగలమనలేదు. మ్యాగజైను స్ప్రింగుని బొటనవేలితో నొక్కితే గట్టిగా ఎదురు తన్నింది. ఇనుము మీది నంబరూ కాగితం మీది నంబరూ కలిపి చదివించారు. చెక్కపిడి మీద ఒకచోట గీతలు అరిగి నున్నగా ఉంది. అక్కడ డాక్టరుగారి బొటనవేలు ఉండేదన్నమాట. నా వేలూ సరిగ్గా అక్కడే పడింది. నాకు అది భలే నచ్చేసింది. ఇదే, రాసెయ్యండి అన్నాను.

‘రివాల్వరయితే ఇప్పుడే రాసేస్తానండీ. పిస్టలయితే మాత్రం ఇంటి మనిషిని ఒకర్ని తీసుకురండి’ అన్నారాయన.

ఎందుకని అడిగితే నిదానంగా చెప్పుకొచ్చారు. రివాల్వరు చక్రాన్ని పక్కకి వాలిస్తే తూటాలు ఉన్నదీ లేనిదీ పసిపిల్లలకైనా తెలుస్తుంది. పిస్టలు అలా కాదు. మ్యాగజైను తీసేసినా గొట్టంలో ఒక తూటా ఉండిపోవచ్చు. తెలియనివాళ్ళు ఖాళీ అనుకుంటారు. ఆయన అమ్మిన పిస్టలే ఒకటి ఒకరింట్లో అలా ఉండిపోయిందట. ఆ ఇల్లాలు బీరువా సర్దుతూ దాన్ని తీసి పక్కన పెట్టబోయిందట. ఆ తర్వాత ఏమైందో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. అప్పట్నుంచి పిస్టలు కొనేవాళ్ళ ఇంటి మనిషికి దాన్ని ఖాళీ చెయ్యడం తనే నేర్పి, వాళ్ళు మూడుసార్లు చేసి చూపించాకే అమ్ముతున్నారు. చట్టంలో ఇలాంటిది ఎక్కడా లేదని వాదించాను. లేదండీ, ఇది నేను పెట్టుకున్నదే అని ఒప్పుకున్నారు. ఒప్పుకునే మనిషితో ఏం పోట్లాడతాం? ఇంట్లో ఎవరెవరుంటారని అడిగితే, మా ఆవిడ ఉంటుందని చెప్పేశాను. అబద్ధం ఆలోచనకంటే ముందే వచ్చేసింది.

మా ఆవిడ ఇల్లు విడిచి అప్పటికి మూడేళ్ళు. మాకు పిల్లల్లేరు. నాకు కోపం ఎక్కువని అందరూ అంటారు, ఉంటే ఉండొచ్చు. ఒకరోజు కూరలో ఉప్పు గురించి మాటా మాటా పెరిగి కంచం విసిరాను. గోడకేసి విసిరాను, ఆవిడ మీదికి కాదు. ఆ తేడా ఆవిడ చూడలేదు. మర్నాడు పెట్టె సర్దుకుని మంగళగిరిలో వాళ్ళక్క ఇంటికి వెళ్ళిపోయింది. అక్కావాళ్ళకి చీరల కొట్టు ఉంది, అక్కడే కూర్చుంటోందని విన్నాను. మంగళగిరి ఎంత దూరం? అరగంట బస్సు. మూడేళ్ళలో నేను ఒక్కసారి కూడా వెళ్ళలేదు. తప్పు ఆవిడదని మొదటి ఏడాది వెళ్ళలేదు. తర్వాత ఇంత ఆలస్యంగా ఏ మొహం పెట్టుకుని వెళ్ళడం అని వెళ్ళలేదు.

ఇంటి మనిషి కోసం లెక్క వేసుకుంటూ కూర్చున్నాను. మా అన్నయ్యతో మాటల్లేవు. పనిమనిషి వరండా ఊడ్చి, అంట్లు తోమి వెళ్ళిపోతుంది, నా గదిలోకి రాదు. పక్కింటాయన్ని అడుగుదామంటే ఆయన పేరు గేటు మీద చదవడమే తప్ప పిలిచి ఎరగను. చెరువుల మీద వందమంది నాకు నమస్కారం పెడతారు. వాళ్ళలో మా ఇల్లు చూసినవాడు లేడు. నలభై ఆరేళ్ళ వయసులో, వ్యాపారం పచ్చగా నడుస్తున్న మనిషికి, ఒక్క గంట కొట్టుదాకా వచ్చే మనిషి లేకపోవడం నన్ను చాలా బాధపెట్టింది. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

బుద్ధున్నవాడెవడైనా మర్నాడే వెళ్ళి రివాల్వరు తెచ్చుకునేవాడు. దానికి ఎవరూ రానక్కర్లేదు కదా. నేను మాత్రం స్టీలుదే కావాలని కూర్చున్నాను. గడువు ఇంకో పదిరోజులుందనగా మంగళగిరి ఫోన్ చేశాను. వాళ్ళక్క తీసి, నా గొంతు గుర్తుపట్టి కూడా ఎవరండీ అని రెండుసార్లు అడిగింది. మా ఆవిడ వచ్చాక, రొయ్యల బేరం చెప్పినట్టు విషయం గబగబా చెప్పేశాను. ఎన్నింటికి రావాలి అని మాత్రం అడిగింది.

మంగళవారం పదకొండింటికి బస్టాండులో దిగింది. నేను పదింటి నుంచే అక్కడున్నాను, ఇస్త్రీ చొక్కా వేసుకుని. ఆకుపచ్చ మంగళగిరి చీర కట్టుకుంది. పాపిట దగ్గర జుట్టు నెరిసింది. బాగున్నావా అని అడగబోయి, బస్సు లేటా అని అడిగాను. ఆటోలో మా ఇద్దరి మధ్యా తన చేతిసంచీ పెట్టుకుంది. వన్‌టౌన్ దాకా నేను ట్రాఫిక్ గురించి మాట్లాడాను.

సాయిబుగారు ఆవిడకి కుర్చీ వేయించి, టీ తెప్పించారు. బల్లమీద గుడ్డ పరిచి, ఒకసారి చేసి చూపించారు. ముందు మ్యాగజైను తియ్యాలి, తర్వాత పైభాగం వెనక్కి లాగాలి, ఆ తర్వాత లోపల కంటితో చూసి, చిటికెనవేలు పెట్టి తడమాలి. మొదటిసారి ఆవిడ లాగితే రాలేదు. పమిట బొడ్లో దోపుకుని రెండోసారి లాగింది, వచ్చేసింది. కుక్కరు మూత తీసేంత జాగ్రత్తగా మూడుసార్లూ చేసింది. ఇంత త్వరగా నేర్చుకున్నవాళ్ళని చూడలేదమ్మా అని ఆయన మెచ్చుకుంటే, నాకు ఛాతీ ఉప్పొంగింది. ఆ పది నిమిషాలూ మేము ఫ్రిజ్ కొనడానికి వచ్చిన మొగుడూ పెళ్ళాల్లాగే ఉన్నాం. నేను చాలా సంతోషంగా ఉన్నాను, దాచుకోవడమెందుకు.

సాయిబుగారు కలం తీసి కాగితాలు రాయబోతూ, ఇంట్లో దీన్ని ఎక్కడ పెడతారమ్మా, బీరువాలోనేనా అని అడిగారు.

ఆవిడ పిస్టలుని గుడ్డ మీద పెట్టి చేతులు వెనక్కి తీసుకుంది. ‘నేనా ఇంట్లో ఉండనండీ. ఈయనొక్కరే ఉంటారు’ అంది. ఆయన తలెత్తి నా వైపు చూశారు. ఆవిడ నా వైపు చూడకుండానే చెప్పింది. ‘ఈయనకి ఇవ్వకండి.’

నాకు చెవుల్లోంచి పొగలొచ్చాయి. పరువు తియ్యడానికి ఇంత దూరం రావాలా అని అరవబోయాను. సాయిబుగారు నాకు కనీసం చీవాట్లు పెట్టినా బాగుండేది. పిస్టలుని గుడ్డలో చుట్టి సొరుగులో పెట్టి, కలం మూత బిగించి, టీ చల్లారిపోతోంది తాగండి అన్నారు.

వీధిలోకి వచ్చాక ఆపుకోలేక అడిగాను. ‘దాంతో నిన్నేదో చేస్తాననుకున్నావా?’

‘నేను మంగళగిరిలో ఉంటాను, నాకేం భయం’ అంది. నాలుగడుగులు నడిచాక నెమ్మదిగా అంది. ‘మీకు కోపమొస్తే ఇప్పుడా ఇంట్లో ఉన్నది మీరొక్కరేగా.’

మూడేళ్ళుగా నా గురించి అంత ఆలోచించిన మనిషి ఇంకెవరూ లేరు. భవానీపురం వెళ్దాం, ఒక పూట ఉండి వెళ్ళు అనాలని బస్టాండు దాకా నోట్లో తిప్పుకుంటూనే ఉన్నాను. బస్సు వచ్చింది. కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంది, అక్కడ కూర్చో అన్నాను. కూర్చుంది. బస్సు వెళ్ళిపోయింది.

గడువు దాటిపోయింది. ఇంకో కొట్టుకి వెళ్ళి ఏదో ఒకటి కొనుక్కోవచ్చు, పొడిగింపు కూడా అడగొచ్చు. ఏదీ చెయ్యలేదు. రెండేళ్ళకి మళ్ళీ తెగులొచ్చి చెరువులు ఎండబెట్టేశారు, నా సంచీ ప్రయాణాలూ ఆగిపోయాయి. ఆ స్టీలు పిస్టలు కోసం అంత పట్టుబట్టింది తుప్పు పట్టదని అనుకున్నాను. అది కొనాలంటే ఒక మనిషి రావాలి కాబట్టి పట్టుబట్టానని తర్వాత్తర్వాత తెలిసింది. పిస్టలు కోసం రమ్మంటే మారు మాట్లాడకుండా వచ్చింది ఆవిడ. ఊరికే రమ్మన్నా వచ్చేదేమో. ఊరికే రమ్మని అడగడం నాకు చేతకాలేదు.