నూనె తగలకూడని ఒళ్ళు

మా చిన్నప్పుడు... పుష్యమాసం చలి మొదలైందంటే చాలు, మా చెల్లెలు పైడమ్మ ఒళ్ళంతా పగిలిపోయేది. మోచేతుల మడతల్లో, మోకాళ్ళ వెనక, మెడ చుట్టూ ఎర్రగా పేలి, నీరు కారి, ఆరి అట్టలు కట్టేది. గోక్కుంటే నెత్తురు... గోక్కోకపోతే ఏడుపు.

దాన్ని ఎగ్జిమా అంటారని ఇప్పుడు మీ అందరికీ తెలుసు. ఆ యాభైల్లో, చోడవరంలో, మా ఇంట్లో మాత్రం జబ్బులకి పేర్లు పెట్టే అధికారం మా నాన్నమ్మది.

ఒక ఏడాది అది మరీ ముదిరింది. పైడమ్మకి అప్పటికి ఐదేళ్ళు కూడా ఉండవు. నాన్నమ్మ దాని గౌను పైకెత్తి వీపు చూసి, రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టేసింది.

"అమ్మోరు పోసిందే... ఇంట్లో నూనె సుక్క కనబడకూడదు" అంది.

అంతే... గుమ్మానికి వేపమండలు కట్టారు. వంటింట్లో పోపు ఆగిపోయింది. అమ్మోరు ఇంట్లో ఉండగా నూనె కాగితే తల్లికి కోపమట. పిల్ల ఒంటికి నూనె తగిలితే ఇంక ప్రాణానికే ముప్పట. అందుకని చెల్లికి వేపాకూ పసుపూ నూరి పట్టించేవారు. అది ఆరి బిగుసుకుని, బాగున్న చర్మం కూడా చీలిపోయేది.

మామూలుగా అమ్మోరు పోస్తే వారం పది రోజుల్లో దిగిపోతుంది. మా చెల్లికి దిగలేదు. దిగడానికి అసలు ఎక్కితే కదా! నెల దాటినా నాన్నమ్మ ఒప్పుకోదు... "తల్లి అలిగి కూసుంది" అనేది.

పోపు లేని చారు... నూనె లేని తలలు... పక్కింట్లో ఆవాలు చిటపటమంటే నేను గోడ దగ్గరకెళ్ళి నిలబడి ఆ వాసన పీల్చేదాన్ని. తలుచుకుంటే నవ్వొస్తుంది. వెంటనే చెల్లి గుర్తొస్తుంది.

అవి బెల్లం వండే రోజులు. నాన్న పొద్దస్తమానం గానుగ దగ్గరే ఉండేవాడు. ఒకరోజు ఇంటికొచ్చి, పిల్లని ధర్మాసుపత్రికి తీసుకెళ్తానన్నాడు. నాన్నమ్మ విరుచుకుపడింది.

"అమ్మోరు ఒంటి మీదుండగా సూదులు పొడిపిస్తావేట్రా? గుంటని సంపేద్దామనేటి?"

నాన్న తల దించుకుని మళ్ళీ గానుగ దగ్గరికే పోయాడు. ఊళ్ళో ఎవరితోనైనా తగువుకి సిద్ధమయ్యే మనిషి, కన్నతల్లి ముందు నోరెత్తలేకపోయాడు. ఆయన పోయి ఇన్నేళ్ళయినా ఆ ఒక్క విషయంలో నా కోపం తగ్గలేదు.

ఒక మధ్యాహ్నం నాన్నమ్మ అమ్మోరికి మొక్కుకోవడానికి గుడికెళ్ళింది. అమ్మ చెల్లినెత్తుకుని పశువుల సాలలోకి వచ్చింది. చిన్న గిన్నెలో ఆముదం గోరువెచ్చ చేసి తెచ్చి, వేళ్ళతో అద్ది అద్ది రాసింది. మొదట మంటకి చెల్లి కెవ్వుమంది. కాసేపటికి ఏడుపు తగ్గి, తనే చేతులు చాపింది.

"ఇంకా రాయే అమ్మా..."

అమ్మ మెడకి రాసింది, కాళ్ళకి రాసింది, ఏడుస్తూనే రాసింది. చెల్లి ఆ ఒళ్ళోనే నిద్రపోయింది. గోక్కోకుండా అది నిద్రపోవడం చూసి ఎన్నాళ్ళయిందో...

ఆముదం వాసన దాగుతుందా? నాన్నమ్మ గడపలో అడుగుపెడుతూనే పసిగట్టింది.

"ఏటి సేసేవే?"

"పిల్ల ఒళ్ళు ఎండిపోతంది అత్తా... సూడలేకపోయేను" అంది అమ్మ.

"తల్లికి కోపం తెప్పించేవే! నీ సేతుల్తో నువ్వే..." అని నాన్నమ్మ గుండెలు బాదుకుంది.

మర్నాడు చెల్లికి జ్వరం వచ్చింది. ఒళ్ళు కాలిపోయింది. ఎన్ని మొక్కులు మొక్కినా తగ్గలేదు. ఆ వారంలోనే పైడమ్మ పోయింది.

తర్వాత నాన్నమ్మ అమ్మని ఒక్క మాట అనలేదు. అనక్కర్లేకపోయింది. అమ్మే నమ్మేసింది... పిల్లని తనే చంపుకున్నానని. నాకు పిల్లలు పుట్టినప్పుడు పురిటి స్నానాలకి పిలిస్తే, దూరంగా నిలబడి చూసేది తప్ప పసిబిడ్డకి నూనె రాయడానికి ముందుకొచ్చేది కాదు.

"నా సెయ్యి మంచిది కాదే... నువ్వే రాసుకో" అనేది.

మా రెండో అమ్మాయికి అచ్చం పైడమ్మ చర్మమే వచ్చింది. విశాఖపట్నంలో చర్మం డాక్టరుకి చూపిస్తే ఒక లోషన్ రాసిచ్చారు. స్నానం కాగానే, ఒంటి తడి పూర్తిగా ఆరకముందే పట్టించమన్నారు. ఒళ్ళు ఎండిపోనివ్వకపోవడమే అసలు మందన్నారు. నాకు ఉండబట్టలేక చెల్లి సంగతి చెప్పాను. ఆయన మొత్తం విన్నారు.

"ఆ పగుళ్ళలో అప్పటికే చీము పట్టి ఉంటుందమ్మా. ఒక్కసారి రాసిన ఆముదం వల్ల కాదు" అన్నారు.

బస్సు దిగి తిన్నగా అమ్మ దగ్గరికే వెళ్ళాను. ఆవిడ గుండెల మీద బరువు దించేయొచ్చని నా ఆత్రం. అంతా చెప్పాను. అమ్మ ఆ లోషన్ సీసా చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అయితే... ఇది రోజూ రాయాలేటే?"

"అవునమ్మా. రోజూ... రెండు పూటలా."

"మరి నాను ఒక్కరోజే రాసేను కదే..."



ఈ రోజుల్లో ఏ ఇంట్లో చూసినా అద్దం ముందు లోషన్ సీసాలే. మా మనవరాలు ఫోన్ చూసుకుంటూ రాసేసుకుంటుంది... అడ్డుపడేవాళ్ళు లేరు, భయపెట్టేవాళ్ళు లేరు. చూస్తే సంతోషమే. కాస్త కడుపు మంట కూడా...

మీ ఇళ్ళల్లో కూడా ఇలా పేరు తప్పు పెట్టిన జబ్బుతో పోయిన పిల్లలు ఉండే ఉంటారు. ఫోటోలు ఉండవు, తెలుసు... వాళ్ళని ఏమని పిలిచేవారో, అదొక్కటి కింద రాయండి. అన్నీ చదువుతాను.