రొట్టె చప్పుడు లేని సాయంత్రం

మా ఆదోని ఇంట్లో సాయంత్రమైతే అమ్మ జొన్నరొట్టెలు తట్టాల్సిందే. ఆ చప్పుడంటే నాకు చిరాకు. టీవీలో ఒక్క మాటా వినపడనివ్వదు. మొన్న ఆమెకు మణికట్టు నొప్పిగా ఉంటే బజారులో రొట్టెలు కొనుక్కొచ్చాను.

"కొన్న రొట్టె తినే కర్మ నాకేం పట్టిందిరా!" అని అమ్మ మండిపడింది. పొట్లం విప్పనే లేదు.

అంతలో పక్కింటి ఖాలా వేడి రొట్టెలు, వంకాయ కూర పట్టుకొని వచ్చింది. "ఈ పొద్దు రొట్టె తట్టే సప్పుడే ఇనపడల్యా. ఒంట్లో బాగలేదా అక్కా?"

అమ్మ పొట్లాన్ని గబుక్కున కొంగు చాటున దాచింది. "అవునమ్మా, పొద్దున్నించీ ఒకటే జరం."

ఖాలా అమ్మ నుదుటి మీద చెయ్యి వేసి, "అబ్బ, కాలిపోతాంది!" అంది. ఆమె చూపు మాత్రం కొంగులోంచి సగం బయటపడ్డ పొట్లం మీదే ఉంది.