తేటనీటి పస్తు

మంగళవారం ఉదయం మా పక్కింటి కెమిస్టు గారు పోయారు. గుండెపోటు. శవాన్ని ఉంచే ఫ్రీజర్ పెట్టె తెచ్చిన డ్రైవరు ప్లగ్గు పాయింటు కోసం వెతికి, హాల్లో అక్వేరియం ప్లగ్గు ఊడదీశాడు. నేను పక్కనే ఉన్నాను. సాయంత్రం దాకా అక్వేరియం మోటారు తిరగలేదు.

అందులో ఉన్నది మెత్త పగడం, ప్రాణమున్న సముద్రజీవి. రాయిలా గట్టిపడదు. పుట్టగొడుగు ఆకారం, టోపీ నిండా సన్నటి నోళ్లు.

"ఏంది సార్, గిట్ల పుట్టగొడుగు పెంచుతున్నరు, కూరకా?" అని మా అమ్మ ఆటపట్టించేది.

"ఇది ఉడికేలోపు మీ గ్యాసు అయిపోద్దండీ," అనేవారాయన.

ఆయనది కోస్తా. థర్మల్ కేంద్రంలో బాయిలరు నీళ్లు పరీక్షించి రిటైరయ్యారు. మొదటి పగడాన్ని తానే చంపానని ఆయనే చెప్పారు. ఉద్యోగపు అలవాటు కొద్దీ ఫిల్టర్ల మీద ఫిల్టర్లు పెట్టి నైట్రేటు, ఫాస్ఫేటు సున్నాకు తెచ్చారు. కొలతలు రాసుకునే పుస్తకంలో అంకెలన్నీ బాగున్నాయి. పగడం మాత్రం పాలిపోయి, కుంచించుకుపోయింది. దాని ఒంట్లోని నాచు వెలుతురుతో కొంత తిండి తయారుచేస్తుంది. మిగతా పోషకాలను పగడం ఒంటితోనే నీటి నుంచి పీల్చుకుంటుంది. ఆ నీటిలో పీల్చుకోవడానికి ఏమీ మిగల్లేదు.

"నీళ్లలోంచి అన్నీ తీసేయడమే నా ఉద్యోగమయ్యా. శుభ్రం ఎక్కువైతే పస్తని ఎవరూ చెప్పలేదు," అన్నారు.

రెండోదానికి ఫిల్టర్లు తగ్గించి, రెండు చేపల్ని వదిలారు. వాటి మలినమే దానికి ఎరువు. ప్రతి ఆదివారం అద్దానికి స్కేలు ఆనించి టోపీ వెడల్పు కొలిచేవారు. నెలల తరబడి అదే అంకె. "పెరగలేదని కాదు, నా స్కేలుకి అందలేదు," అనేవారు.

శుక్రవారం వాళ్లావిడ పిలిచారు. చేపలు తిరుగుతున్నాయి. పగడం మంగళవారం నుంచి ముడుచుకునే ఉంది.

"దీనికి మేతగా ఏదో పొడి వేసేవారు బాబూ. ఎంతో నీకేమన్నా చెప్పారా?"

ఆయన పుస్తకం తిరగేశాను. నీటి కొలతలు ఉన్నాయి, వెడల్పులు ఉన్నాయి. పొడి ఎంతో ఎక్కడా లేదు. ఇన్నేళ్లలో ఆయన్ని ఎన్నో అడిగాను. అదొక్కటీ అడగలేదు.

"చిటికెడేనమ్మా అనుకుంటా," అన్నాను.

"ఆయన వేళ్లు లావు కదా," అన్నారావిడ.

చిటికెడు తీసి, కాసేపు ఆలోచించి, ఇంకాస్త కలిపి నీళ్లలో వదిలారు. పొడి మెల్లగా దిగి ముడుచుకున్న టోపీ మీద వాలింది. ఆవిడ తడి వేళ్లు తుడుచుకోకుండా అలాగే నిలబడ్డారు.