వందనాలతో మొదలైన కమిట్లు

మార్కాపురం దాటి గిద్దలూరు వైపు కొంచెం దూరం పోతే మా కాలేజీ వచ్చేది. దాన్ని ఇంజనీరింగ్ కాలేజీ అనడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు. ల్యాబులో కంప్యూటర్లు చాలానే ఉండేవి, మౌసు ఉన్నవి సగం. ఆ సగంలో మంచివి రెండు మా హెచ్‌ఓడీగారు గుడ్డ కప్పించి పెట్టుకున్నారు, ఎవరైనా పెద్దవాళ్లు చూడటానికి వస్తే గుడ్డ తీసి చూపించడానికి. విద్యార్థులు వాటిని ముట్టుకుంటే ఆయనకు ఒంటి మీద చెయ్యి వేసినట్టు ఉండేది.

ఆయన గురించి రెండు ముక్కల్లో చెప్పాలంటే, పాఠం గైడు చూసి చదివేవారు, గైడులో అచ్చుతప్పు ఉంటే అది కూడా చదివేవారు. నాలుగో సంవత్సరం మొదట్లో ఒకరోజు మూడు ప్రింటవుటు కాగితాలు పట్టుకుని ల్యాబులోకి వచ్చారు.

"ఇప్పట్నుంచి మీ ప్రాజెక్టులన్నీ ఆన్‌లైన్‌లో పెట్టాల. పైనుంచి ఆర్డరొచ్చింది. ఇంక పెన్‌డ్రైవులు పట్టుకొని నా రూము కాడికి వచ్చినారంటే ఊరుకోను" అన్నారు.

అప్పటిదాకా మా కాలేజీలో ప్రాజెక్టు అంటే పెన్‌డ్రైవే. అందులో ఫోల్డర్ల పేర్లు ఇలా ఉండేవి: ఫైనల్, ఫైనల్ కొత్తది, ఇదే ఫైనల్, సార్ చూసిన ఫైనల్. ఏది అసలు ఫైనలో రాసినవాడికి కూడా తెలిసేది కాదు. చాలామంది అసలు రాసేవారే కాదు. పొదిలిలో ఒక జిరాక్సు అంగట్లో ప్రాజెక్టులు తయారుగా దొరికేవి. లైబ్రరీ మీద ఒకటి, హాస్పిటల్ మీద ఒకటి. ఏళ్ల తరబడి అవే రెండు మా కాలేజీలో పేర్లు మార్చుకుని పాసవుతూ వచ్చాయి.

ఈ ఆన్‌లైన్ పద్ధతి మరీ కష్టమైనదేమీ కాదు. రాసిన ప్రోగ్రామును ఒక సైటులో పెడతాం. మార్చిన ప్రతిసారీ ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు, ఎందుకు మార్చారు అన్నది అది గుర్తు పెట్టుకుంటుంది. ఆ మార్పును కమిట్ అంటారు. ప్రతి కమిట్‌కీ మనం ఒక చిన్న మాట రాయాలి. హెచ్‌ఓడీగారి మూడు కాగితాల్లో ఇదంతా శుభ్రంగానే ఉంది. ఆయన మొదటిది చదివి ఆపేశారని నా అనుమానం.

ఇంటికి పోయి ఈ సంగతి చెబితే పలకల ఫ్యాక్టరీలో ఫ్రేములు కట్టే మా నాయన అన్నం కలుపుకుంటూ విన్నాడు. "అంటే పలక తుడిచినా పాత రాత పోదన్నమాట. అయితే తప్పులన్నీ కనపడతాయి గదమ్మా" అన్నాడు. మా హెచ్‌ఓడీగారికి పట్టని విషయం ఆయనకు అన్నం తింటుండగా పట్టేసింది.

మర్నాడు మేము ఎవరి అకౌంటు వాళ్లం తెరుద్దామని కూర్చుంటే హెచ్‌ఓడీగారు అడ్డం వచ్చారు.

"క్లాసంతా తలా ఒకటి తెరుస్తారా? రేపు ఎవరన్నా చూస్తే ఏ కాలేజీ, ఎవరి కింద చేసినారు, ఏం తెలుస్తాది? ఒకటే తెరవండి. నా పేరు మీద."

అలాగే తెరిచాం. ఆయన పేరు, పేరు వెనక డిగ్రీలు, ఎక్కడో సన్మానంలో శాలువా కప్పుకుని తీయించుకున్న ఫోటో. పాస్‌వర్డు బోర్డు మూలన రాసి, చుట్టూ గీత గీసి, కింద 'తుడవరాదు' అని రాశారు. తాళం చెవి గుమ్మానికి వేలాడదీసి ఎవరూ ముట్టుకోవద్దని చెప్పడం లాంటిదే ఇదీ.

మాలో ఒక్కరం కూడా కాదనలేదు. కాదనాలని తోచలేదు. మా వైపు ఇంట్లో ఏదైనా పెద్దాయన పేరు మీదే ఉంటుంది. బోరు మోటారుకి కరెంటు కనెక్షను చచ్చిపోయిన తాత పేరు మీద నడుస్తుంది, మనవళ్లు బిల్లు కడుతుంటారు. అలాంటిచోట పెరిగినవాళ్లం, చేసిన పని మా పేరు మీద ఉండాలని ఎందుకు అనుకుంటాం?

మా ప్రాజెక్టుకు నలుగురం. ఇద్దరు మగపిల్లలు, పొదిలి అంగడి నుంచి కొనుక్కొద్దామని వాళ్లు, వద్దని మేము. మేము గెలిచాం, వాళ్లు అలిగి "అయితే బైండింగు మేం చూసుకుంటాం" అన్నారు. వాళ్లు చేసింది చివరికి అదే. మిగిలింది నేను, కొమరోలు అవతల పల్లె నుంచి రెండు బస్సులు మారి వచ్చే ఒక అమ్మాయి. వాళ్లమ్మానాయనలు కూలికి పోయేవాళ్లు, ఆదివారం చర్చికి పోయేవాళ్లు. నా వయసుదే అయినా నన్ను అక్కా అనేది. బస్సు కండక్టరును అన్నా అన్నట్టే అది, ప్రత్యేకంగా గౌరవమేమీ లేదు. నేను మాత్రం దాన్ని గౌరవంగానే లెక్క వేసుకున్నాను.

మేము చేస్తున్నది బోరు వంతుల యాప్. ఒకే బోరు మీద అన్నదమ్ములు నలుగురు వంతులేసుకుని నీళ్లు పెట్టుకుంటారు కదా, ఎవరి వంతు ఎప్పుడో ఫోనులో కనపడాలి. నేను గడియారం ప్రకారం తలా ఆరు గంటలు వేసి పెట్టాను. ఆ అమ్మాయి చూసి తల అడ్డంగా ఊపింది.

"ఇట్ల వేస్తే తలకాయలు పగలగొట్టుకుంటారు అక్కా. కరెంటు ఉన్న గంటలే లెక్క. మోటారు ఆగిందంటే వంతూ ఆగినట్టే. మళ్లీ కరెంటు వచ్చినాక మిగిలింది వాడే పెట్టుకోవాల."

సరే, ఆ లెక్కంతా నువ్వే చేసుకో అన్నాను. తెర మీద కనిపించే పేజీలు, రంగులు, లాగిన్ అన్నీ నేను చేశాను. అసలు పని నాదేననీ, ఆ అమ్మాయిది కూడికలు తీసివేతలేననీ నిజంగానే నమ్మాను.

మొదటిసారి ఆ అమ్మాయి తన మార్పును పైకి పంపినప్పుడు నేను పక్కనే ఉన్నాను. కమిట్‌కి రాయాల్సిన మాట దగ్గర, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ ఇలా రాసింది: "వందనాలు సార్. నేను చేసిన మార్పు ఏమనగా, కరెంటు లేని సమయాన్ని వంతులోంచి తీసేసినాను. ఇద్దరికి లెక్క కుదిరింది. ముగ్గురికి ఇంకా కుదరలేదు. రేపు చేస్తాను. ఇట్లు మీ విధేయురాలు."

నేను పగలబడి నవ్వాను. ల్యాబులో అందరినీ పిలిచి చూపించాను. సెలవు చీటీ రాసినట్టు కమిట్ రాసిన మనిషి ప్రపంచంలో ఇంకొకరు ఉండరన్నాను. వందనాలన్నది వాళ్ల ఇంట్లో, చర్చిలో పెద్దలు ఎదురైతే చెప్పే మాట. అందరూ నవ్వారు, బైండింగు వీరులతో సహా. ఆ అమ్మాయి కూడా కొంచెం నవ్వింది, ఏం చేయాలో తోచక.

"ఏందే ఇది? ఇట్ల రాయరు. పెద్ద కంపెనీల్లో ఒక్క మాట రాస్తారు. అప్‌డేట్, ఫిక్స్, అంతే."

"సార్ పేరు మీద పోతాది కదక్కా. పెద్దోళ్ల పేరు మీద పోయే కాగితంలో వందనాలు లేకుండా ఎట్ల?"

"ఆయన చదవడు."

"చదవకుంటే పోనీలే. ఏం చేసినామో మనకన్నా తెలుస్తాది."

అదేం మారలేదు. ఆర్నెల్లపాటు ప్రతి కమిట్‌కీ వందనాలే. ఏం మార్చింది, ఎందుకు మార్చింది, ఏది ఇంకా తప్పుగా ఉంది, అన్నీ సారుకు విన్నవించుకునేది. ఆ సారు ఒక్కసారి కూడా ఆ పేజీ తెరవలేదు. నా కమిట్లు మాత్రం పెద్ద కంపెనీవాళ్లలా ఉండేవి: ఫిక్స్, ఫిక్స్ 2, అప్‌డేట్, ఫైనల్ ఫిక్స్. పెన్‌డ్రైవు ఫోల్డర్ల పేర్లనే ఇక్కడికి మోసుకొచ్చానని నాకు తట్టలేదు. ఆ సంవత్సరం నన్ను మించిన తెలివైనది మార్కాపురంలో లేదని నా నమ్మకం.

చివరి సెమిస్టరులో బెంగళూరు నుంచి ఒక చిన్న కంపెనీ వస్తుందన్నారు. మార్కులు వద్దు, మీరు చేసిన పని ఆన్‌లైన్‌లో చూపిస్తే చాలన్నారు. ఆ రోజు నుంచి నేను క్యాలెండరులో రోజులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఎందుకంటే గిద్దలూరులో మా మామకు ఎరువుల అంగడి ఉంది. ఉద్యోగం రాకపోతే నేను అక్కడ కంప్యూటరు ముందు కూర్చుని బిల్లులు కొట్టాలని ఇంట్లో మాట అయిపోయింది. మామ నా కోసం తిరిగే కుర్చీ కూడా కొని, ప్లాస్టిక్ కవరు తీయకుండా ఉంచాడు. పురుగుమందుల వాసనలో ఆ కుర్చీలో నేను ముసలిదాన్నయినట్టు చాలాసార్లు ఊహించుకున్నాను. ఈ కంపెనీ తప్ప నాకు వేరే దారి లేదు.

ఇంటర్వ్యూకి ముందురోజు మధ్యాహ్నం ల్యాబులో కూర్చుని మా పేజీ మొత్తం పైనుంచి కిందకి చూశాను. ఎక్కడ చూసినా వందనాలు సార్. సిగ్గుతో ఒళ్లు మండింది. బెంగళూరు వాళ్లు ఇది చూస్తే మమ్మల్ని ఏ అడవిలోంచి వచ్చారని అడుగుతారు. కొత్తగా ఇంకొక పేజీ తెరిచి, ప్రోగ్రాము మొత్తం ఒక్క కమిట్‌తో అందులో పెట్టేసి, పాతదాన్ని చరిత్రతో సహా తీసెయ్యాలని నిశ్చయించుకున్నాను. ఆ అమ్మాయికి చెప్పాను.

"నీ ఇష్టం అక్కా. నీకు తెలుసు కదా" అంది.

అంత మెత్తగా ఒప్పుకున్నందుకు కూడా నాకు చులకనే అనిపించింది.

పాస్‌వర్డు కొట్టాను. తప్పంది. మళ్లీ కొట్టాను. బోర్డు మూలకు చూస్తే గీత మాత్రం ఉంది, లోపల ఖాళీ. తుడవరాదని రాసినాయనే తుడిచేశారు. అటెండరు చెప్పాడు: "కంపెనీవాళ్లు వస్తాండారని సార్ పొద్దున్నే మార్చినాడమ్మా. సార్ చేసిన పని మీరెవరన్నా చెడగొడతారని." సార్ చేసిన పనట. పళ్లు నూరుకుంటూ బయటికి వచ్చాను. చూడటానికి పాస్‌వర్డు అక్కర్లేదు కాబట్టి ఆ వందనాలన్నీ లోకమంతా చూసేలా అక్కడే ఉండిపోయాయి.

మర్నాడు ఇంటర్వ్యూ హెచ్‌ఓడీగారి గదిలో. ఒకావిడే వచ్చింది, ముప్పై ఏళ్లుంటాయేమో, మాటలో తొందర లేదు. నాకంటే ముందు ఆ అమ్మాయి లోపలికి పోయి చాలాసేపు ఉంది. తర్వాత నన్ను పిలిచారు. హెచ్‌ఓడీగారు తన గదిలోనే కుర్చీ లేక తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. ల్యాప్‌టాప్‌లో మా పేజీ, ప్రతి కమిట్ పక్కనా ఆయన శాలువా ఫోటో.

"ఇందులో ఒక్కరి పేరే ఉంది. మీరేం చేశారు?" అని అడిగింది.

లాగిన్ పేజీ, వంతుల పేజీలు అన్నీ చేశానని గడగడా చెప్పాను.

"అంతా నా గైడెన్స్‌లోనే మేడమ్" అని తలుపు దగ్గర్నుంచి నవ్వు. ఆవిడ ఆయన్ని బయట ఉండమని చాలా మర్యాదగా చెప్పింది. ఆ ఒక్క ముక్కకే ఆవిడ మీద నాకు ప్రేమ పుట్టింది. అది ఎంతోసేపు నిలవలేదు.

"మీవి చూపించండి."

ఫిక్స్ 2 మీద వేలు పెట్టాను.

"ఏం ఫిక్స్ చేశారు?"

గుర్తు రాలేదు. ఎంత ఆలోచించినా రాలేదు. అప్‌డేట్ చూపించాను. ఏం అప్‌డేట్ చేశారంది. అదీ తెలియలేదు. తెర మీద శాలువా ఫోటో నన్నే చూస్తోంది. ప్లాస్టిక్ కవరుతో తిరిగే కుర్చీ కళ్లముందు మెదిలింది.

"ఇవి మీ సారు రాసినవి కావని నేనెలా అనుకోవాలి? ఇందాక వచ్చిన అమ్మాయివి ఇట్టే తెలిసిపోయాయి. ఏ సారూ తనకు తాను వందనాలు చెప్పుకోడు కదా" అంది ఆవిడ. తర్వాత కిందకి జరుపుకుంటూ పోయి, ఒకచోట ఆగి, ల్యాప్‌టాప్ నా వైపు తిప్పింది.

అది నేను ఎప్పుడూ చదవని కమిట్. ఒకసారి సినిమాకి టైమవుతోందని నేను చేసింది అలాగే వదిలేసి, నువ్వే పెట్టెయ్ అని లేచిపోయాను. ఆ రోజుది.

"వందనాలు సార్. ఈరోజు నేను ఏమీ చేయలేదు. లాగిన్ పేజీ, వంతులు కనపడే పేజీలు అన్నీ అక్క చేసింది. ఆమెకు పని ఉండి నన్ను పెట్టమంది. నా పని అనుకోవద్దు సార్. అక్క బాగా చేసింది. ఇట్లు మీ విధేయురాలు."

"మీ నలుగురిలో ఇంకెవరూ అమ్మాయిలు లేరు. ఈ అక్క మీరేనా?" అని అడిగింది.

అవునన్నాను. నాలుగేళ్లలో నేనొక పని చేశానని చెప్పే మాట ఆ పేజీ మొత్తం మీద అదొక్కటే. ముందురోజు మధ్యాహ్నం పాస్‌వర్డు పనిచేసి ఉంటే దాన్ని నా చేతులతో నేనే తీసేసి ఉండేదాన్ని. మా హెచ్‌ఓడీగారు నాకు చేసిన మేలు అదొక్కటే, అదీ మమ్మల్ని దొంగలనుకుని చేసింది.

ఇద్దరికీ ఉద్యోగాలు వచ్చాయి. కాలేజీ గేటుకు ఫ్లెక్సీ కట్టారు, అందులో శాలువా ఫోటో నిలువెత్తున, మా ఇద్దరివీ అడుగున స్టాంపులంత. మామ కుర్చీలో ఇప్పుడు మామే కూర్చుంటాడు.

అవన్నీ తర్వాతి సంగతులు. ఆ రోజు నేను గదిలోంచి వచ్చేసరికి ఆ అమ్మాయి వరండాలో బెంచీ మీద, రెండో బస్సు పోతుందేమోనని సంచీ ఒళ్లో పెట్టుకుని, నా కోసమే ఆగి ఉంది.

"ఏమడిగినారక్కా?" అంది.

నువ్వు రాసింది చూపించి ఆ అక్క మీరేనా అని అడిగారే, అని చెప్పాలి. ఆర్నెల్లు దాన్ని చూసి నవ్వినదాన్ని. ఆ మాట బయటికి రావడానికి నాకు ఆ పూట చాలలేదు. నా జవాబు కోసం కూర్చున్నందుకు ఆ అమ్మాయికి బస్సు కూడా తప్పిపోయింది.