కుడివైపు సలాం

తాళాలాయనకు వచ్చినవి నాలుగే నాలుగు చిన్న సూరాలు. ఖురాన్‌లో సూరాలనే అధ్యాయాలు నూట పద్నాలుగుంటే, చదువు మాన్పించి లేతు మిషను ముందు నిలబెట్టేనాటికి ఆయన నోటికి పట్టుబడినవి, ప్రతి నమాజులో చదివి తీరాల్సిన ఫాతిహా కాక, ఆ నాలుగూ. వాటితోనే నలభై ఏళ్ల పైచిలుకు నమాజులు నెట్టుకొచ్చాడు. అలాంటి మనిషి అరవై రెండో ఏట డెబ్బై ఎనిమిది వాక్యాల సూరాను కంఠతా పట్టడానికి పూనుకున్నాడంటే దానికొక కారణముంది. భక్తి అని చెబితే వినడానికి బాగుంటుంది గానీ అబద్ధమవుతుంది.

కారణం ఒంటరితనం. భార్య పోయి తొమ్మిదేళ్లు. పిల్లలు లేరు. ఆయన కొట్టు తలుపంత వెడల్పు, గోడ నిండా పళ్లు కోయని తాళంచెవులు. పొద్దస్తమానం జనం వస్తూనే ఉంటారు. బీరువా తెరుచుకోలేదనో, తాళం పట్టేసిందనో, గదిలో చెవి మరిచి తలుపు లాగేశామనో. పని అయ్యేదాకా ఆయన భుజమ్మీద నుంచి తొంగిచూస్తారు, అయ్యాక తాళం చూసుకుంటూ వెళ్లిపోతారు. ఆయన మొహం చూసినవాడు లేడు. ఇంటికొస్తే నాలుగు గోడలు. కొన్నాళ్లు రేడియో పెట్టుకున్నాడు. అది తన మాట తను చెప్పుకుపోవడమే గానీ నువ్వు తిన్నావా అని అడగదు. విసుగొచ్చి కట్టేశాడు.

అప్పుడే తెల్లవారు నమాజుకు మసీదుకు వెళ్లడం మొదలుపెట్టాడు. ఆ వీధిలో ఒకప్పుడు ఇళ్లుండేవి, ఇప్పుడన్నీ గిడ్డంగులు. శుక్రవారం జనం చెప్పులు విడవడానికి చోటుండదు గానీ, తెల్లవారుజామున ఆ చిన్న మసీదులో ఉండేది ఇద్దరే. ముప్పై ఏళ్లుగా అక్కడే ఒక గదిలో ఉంటున్న ముసలి ఇమాం, తాళాలాయన.

ఇక్కడొక పద్ధతి చెప్పాలి. ఇమాం వెనక ఇద్దరుగానీ అంతకన్నా ఎక్కువమందిగానీ ఉంటే వాళ్లు వెనక వరసలో నిలబడతారు. ఒక్కడే అయితే వెనక కాదు, ఇమాం పక్కనే, కుడివైపున, మడమ కాస్త వెనక్కి పెట్టి నిలబడాలి. నమాజు చివర ఇమాం ముందు కుడివైపు, తర్వాత ఎడమవైపు మొహం తిప్పి, మీ మీద శాంతి కలగాలి అని సలాం చెబుతాడు. ఆ సలాం పక్కనున్న దైవదూతలకు కూడా. ఆ సంగతి తాళాలాయనకు తెలియక కాదు. కానీ కుడివైపు తిరిగే మొహం తన మొహానికి జానెడు దూరంలో ఉంటుంది. రోజు మొత్తంలో తాళం ఊసు లేకుండా తనతో ఒక మనిషి అనే మాట అదొక్కటే. దైవదూతలు ఏమైనా అనుకోనీ, ఆ సలాంలో పెద్ద వాటా తనదేనని లెక్కవేసుకున్నాడు.

ఎప్పుడైనా మూడో మనిషి వస్తే వెనక వరసలోకి జరగాలి. అందుకని, ఉన్నమాట చెప్పుకోవాలి, అల్లా ఇంట్లో నిలబడి, ఇవాళ ఇంకెవరూ రాకుండా చూడు దేవుడా అని దువా చేసేవాడు. ఇంతకన్నా పాడు దువా ఏ మసీదులోనైనా ఎవరైనా చేసి ఉంటారా!

ఒకరోజు ఇమాం రహ్మాన్ సూరా ఎత్తుకున్నాడు. ఆయనకు ఇష్టమైనది, వారానికోసారైనా చదివేవాడు. ఆ సూరాలో ఒకే వాక్యం, మీ ప్రభువు ఇచ్చిన వాటిలో దేన్ని కాదంటారు అనేది, ముప్పై ఒక్కసారి తిరిగి తిరిగి వస్తుంది. వచ్చిన ప్రతిసారీ ఆ తర్వాతి మాట వేరు. కాస్త ఏమరితే వచ్చిన దారినే మళ్లీ పోతాం. రెండు తూర్పులు, రెండు పడమరలు అయ్యాయి. రెండు సముద్రాలు కలిసే చోటు అయింది. ఇక ముత్యాలూ పగడాలూ రావాలి. ఇమాం మళ్లీ తూర్పు పడమరలకు పోయాడు. సముద్రాల దాకా వచ్చాడు. మళ్లీ తూర్పుకే. మూడోసారి తాళాలాయన ఏం చెయ్యాలో తోచక దగ్గాడు. ఇమాం ఆగి, అక్కడికక్కడే వంగి నమాజు ముగించాడు.

తర్వాత ఇద్దరూ చాప మీద కూర్చున్నారు. ఇమామే మాట ఎత్తాడు.

“ఇమాం ఆగిపోతే పక్కవాడు మాట అందించాలి తమ్ముడూ. దాన్ని లుక్మా అంటారు. లుక్మా అంటే ముద్ద. నేను ఆకలితో నిలబడ్డాను, నువ్వు చూస్తూ ఊరుకున్నావు.”

“నా దగ్గర పెట్టడానికి ఏముంది ఇమాం గారూ? నాకొచ్చినవి నాలుగు సూరాలు.”

“మరి సరిగ్గా తప్పిన చోటే ఎలా దగ్గావు?”

ఏళ్ల తరబడి విన్న చెవి అది. తాళం లోపల పిన్ను ఎక్కడ పట్టేసిందో చూడకుండా చెప్పగలిగే చెవి కూడాను.

ఆ మర్నాటి నుంచి పాఠం మొదలైంది. నమాజయ్యాక కొట్టు తెరిచే వేళ దాకా ఇమాం ఒక్కో ముక్క చెప్పేవాడు, ఈయన అప్పజెప్పేవాడు. అరబ్బీ అక్షరం ముక్క రాదు, అంతా చెవినే. గొంతు లోపలి నుంచి పలకాల్సిన హల్లులు పలికేసరికి తల ప్రాణం తోకకొచ్చేది. ఆకురాయి పట్టి తాళంచెవి గీస్తూ గొణుగుతుంటే, బీరువా తాళంతో వచ్చినావిడ, ఏమిటన్నయ్యా నన్నేనా తిడుతున్నారు అని అడిగింది. అయినా వదల్లేదు. ఇమాం ఒక్క హెచ్చరిక మాత్రం గట్టిగా చేశాడు. తొందరపడకూడదు. ముందు నన్ను వెతుక్కోనివ్వాలి. దొరకదని తెలిశాకే పెట్టాలి. ఇంకొక సంగతి కూడా చెప్పాడు. ముద్ద పెట్టేవాడు అదే నమాజులో నిలబడి ఉండాలి. బయటి నుంచి ఎవడో అందించింది పుచ్చుకుంటే నమాజే చెడిపోతుంది.

ఎనిమిది నెలలకు సూరా మొత్తం నోటికొచ్చింది. అప్పటికి ఇమాంకు మరుపు ముదిరింది. తెల్లవారు నమాజుల్లో ఇద్దరే, మిగతా వాటిలో ఇమాం చదివేవి చిన్న సూరాలే కాబట్టి గుట్టు గుట్టుగానే ఉంది. ఈ విషయం బయటపడితే ఇమాంను పంపించేస్తారు. పంపించేస్తే తనకు సలాం చెప్పేవాళ్లు ఉండరు. తాళాలాయన భయమంతా అదే.

ఒక శుక్రవారం నిండు మసీదులో ఇమాం చిన్న సూరాలోనే తడబడ్డాడు. మసీదు కమిటీ పెద్దకు అనుమానం వచ్చింది. ఆయన సిమెంటు కొట్టు యజమాని, నలభై ఏళ్లవాడు, మంచివాడే. మర్నాడు తెల్లవారేసరికి మసీదులో ఉన్నాడు. మూడో మనిషి వచ్చాడు కాబట్టి తాళాలాయన వెనక వరసలోకి జరిగాడు, కమిటీ పెద్ద పక్కకు. ఇమాం, వేరే సూరాలే లేనట్టు, రహ్మానే ఎత్తుకున్నాడు.

సముద్రాల దగ్గర ఆగాడు. తాళాలాయన కాసేపు చూసి, “యఖ్‌రుజు” అని మొదటి మాట అందించాడు. ఇమాం అందుకుని ముందుకుపోయాడు. ఇంకో రెండు వాక్యాలకు మళ్లీ ఆగాడు. మళ్లీ అందించాడు. తను పెట్టే ప్రతి ముద్దా పక్కనున్నవాడి చెవిన పడుతోందని తెలుస్తూనే ఉంది. ఊరుకుంటే ఇమాం కమిటీ పెద్ద ముందే తప్పిపోతాడు, పెడితే ఎంత ఆకలిగా ఉన్నాడో బయటపడుతుంది. ఏం చెయ్యమంటారు? పెట్టాడు. ఆగినప్పుడల్లా పెట్టాడు. నమాజయ్యాక కమిటీ పెద్ద తాళాలాయన్ను అరుగు మీదకు తీసుకెళ్లాడు.

“ఏడుసార్లు అందించావు బాబాయ్. ఒకటి రెండైతే నేనూ చూసీ చూడనట్టు ఊరుకునేవాణ్ణి.”

ఇమాంను గౌరవంగానే పంపారు. బస్సులో మూడు గంటల దూరంలో ఉన్న కూతురు వచ్చి తీసుకెళ్లింది. పెట్టె తాళం పట్టేస్తే తాళాలాయనే బాగుచేసి ఇచ్చాడు.

కొత్త ఇమాం వచ్చాడు. చక్కని గొంతు, పొరపాటన్నది ఎరగడు. ఆయన్ను వినడానికి తెల్లవారుజామున కూడా ఏడెనిమిది మంది రాసాగారు. మసీదుకు మంచిదే, కాదనలేం. తాళాలాయన వెనక వరసలో ఒక మూల నిలబడేవాడు. ఇమాం సలాం గోడ మీదకు పోయేది. నోట్లో డెబ్బై ఎనిమిది వాక్యాలు పెట్టుకుని నిలబడేవాడు, ఒక్క మాటా ఎవరికీ అక్కర్లేదు. కొత్తాయన ఒక్కసారైనా తప్పకపోతాడా అని ఎదురుచూసి, ఛీ ఇదేం బుద్ధి అని తనను తనే తిట్టుకున్నాడు.

ఏడాది గడిచాక ముసలి ఇమాం కూతురు ఫోన్ చేసింది. నాన్నకు మనుషులు గుర్తులేరట. కానీ తెల్లారగానే నమాజుకు నిలబడతాడు. నిలబడి రహ్మాన్ చదువుతాడు, ఒకచోటికి వచ్చి వెనక్కి పోతాడు, మళ్లీ వస్తాడు, మళ్లీ పోతాడు. వంగడు, కూర్చోడు. నిన్న కాళ్లు తట్టుకోలేక పడిపోయాడు. ఇంట్లో ఎవరికీ ఆ సూరా రాదు. బాబాయ్, మీరు ఫోనులో అందిస్తారా అని అడిగింది.

“ఫోనులో కుదరదమ్మా. పక్కన నిలబడాలి.”

కొట్టు మూసి మధ్యాహ్నం బస్సెక్కాడు. చేరేసరికి ఇమాం నిద్రపోతున్నాడు. తెల్లవారుతుండగా లేచి, ముందు గదిలో కొత్త మనిషిని చూసి, ఎవరు బాబూ నువ్వు, నమాజు చేశావా అని అడిగాడు. లేదన్నాడు. అయితే రా అని చేత్తో తన కుడివైపు చోటు చూపించాడు.

తూర్పులు, పడమరలు అయ్యాయి. సముద్రాలు అయ్యాయి. ఇమాం ఆగాడు. తాళాలాయన ఆగలేకపోయాడు. ఏడాదిగా దాచుకున్న ముద్ద. “యఖ్‌రుజు” అన్నాడు. ముసలాయన అందుకున్నాడు. అలా అందిస్తూ, అందుకుంటూ ముప్పై ఒకటీ దాటించారు. ఇమాం వంగాడు, నుదురు నేలకానించి సజ్దా చేశాడు, చివరికి కుడివైపు తిరిగి, జానెడు దూరంలో ఉన్న మొహానికి సలాం చెప్పాడు.

ఏ ఊరు నీది అని అడిగాడు ఇమాం. చెప్పగానే ఆ మొహం వెలిగింది.

“అక్కడ నాకో తమ్ముడున్నాడు. తాళాలు బాగుచేస్తాడు. నువ్వూ బాగానే అందించావు గానీ, వాడు ఇంకాస్త ఆగి పెడతాడు. తొందరపడడు. పాపం, ఒక్కడే అక్కడ ఉండిపోయాడు. కనబడితే నా సలాం చెప్పు.”

తలుపు దగ్గర నిలబడ్డ కూతురు నోరు తెరవబోయింది. తాళాలాయన వద్దని కళ్లతోనే వారించాడు. నేనే వాణ్ణి అని చెబితే, ఇన్నాళ్ల మనిషిని గుర్తుపట్టలేదని ముసలాయన కుమిలిపోతాడు. దానికి తాళాలాయన మనసొప్పలేదు.

“చెబుతానండీ,” అన్నాడు.

పదిరోజులుండి, చిన్నప్పుడు తండ్రి నోట విన్నదే కాబట్టి, ఆ పదిరోజుల్లోనే రహ్మాన్ మొత్తం కూతురి చేత వల్లె వేయించి బయల్దేరాడు. ఇక నుంచి ఆ పిల్ల తండ్రి వెనక నిలబడి అందించుకుంటుంది. ఇంటికొచ్చి తలుపు తాళం తీశాడు. లోపల ఎప్పటిలాగే ఎవరూ లేరు. మోసుకొచ్చిన సలాం అప్పగించకపోతే తప్పు, అందిన సలాంకు బదులివ్వకపోయినా తప్పే. గడప మీద నిలబడి, “ఇమాం గారు నీకు సలాం చెప్పమన్నారు,” అని పైకే అన్నాడు. లోపలికి వెళ్లి, కుర్చీలో కూర్చుని, బదులు సలాం చెప్పాడు.